మందు మోతాదు



నేను ఒహాయో రాష్ట్రంలో ఉంటాను. చాలా ఏళ్లుగా వారాంతాల్లో పిస్టల్ పోటీలకు వెళ్తున్నాను. మొన్నొక ఆదివారం పోటీ ముగిశాక సామాను కారులో సర్దుకుంటుంటే, కొత్తగా ఈ ఆటలోకి వచ్చిన ఒక తెలుగు కుర్రాడు పక్కన వచ్చి నిలబడ్డాడు. "అన్నా, నేనూ తూటాలు ఇంట్లోనే తయారుచేసుకుందామని ప్రెస్ కొన్నాను. నీ పిస్టల్ చాలా మెత్తగా కొడుతోంది. మందు ఎంత వేస్తున్నావో చెప్పు, నేనూ అంతే వేసుకుంటాను" అన్నాడు.

నేను చెప్పలేదు. అతని మొహం చిన్నబోయింది. దాచుకుంటున్నాననుకున్నాడేమో. దాచుకోవడం కాదు. ఆ ప్రశ్నకు ఒక్క అంకె జవాబు కాదు, అందుకే చెప్పలేదు. ఆ రోజు ఎండలో నిలబెట్టి చెప్పలేకపోయిన సంగతి ఇవాళ తీరిగ్గా చెబుతాను.

మా తాతగారు తెనాలి దగ్గర పల్లెలో నాటువైద్యం చేసేవారు. ఆయన దగ్గర అరచేతిలో పట్టే త్రాసు, ఒక డబ్బీలో గురివింద గింజలు ఉండేవి. భస్మాలను గురివింద ఎత్తున తూచేవారు. ఎవరైనా వచ్చి "మా పక్కింటాయనకి మీ మందు గుణమిచ్చిందండీ, మాకూ అదే ఇవ్వండి" అంటే పెట్టె తెరిచేవారు కాదు. "ఎవరికి?" అని అడిగేవారు. వయసెంత, ఒళ్లు ఎలాంటిది, ఏం తింటాడు, ఏ పని చేస్తాడు, అన్నీ విన్నాకే త్రాసు తీసేవారు. మందు ఒకటే అయినా మనిషిని బట్టి మోతాదు మారేది, మందుతో కలిపి పుచ్చుకునే అనుపానం మారేది.

తుపాకిలో వేసేదాన్ని కూడా మన భాష మందు అనే అంటుంది. పిస్టల్ పోటీల్లో ఇన్నేళ్లు గడిపాక, తాతగారి పద్ధతే దీనికీ వర్తిస్తుందని నాకు గట్టిగా అర్థమైంది.

ముందు తూటా సంగతి చెప్పాలి. తూటాలో నాలుగు భాగాలుంటాయి. పైకి కనిపించే ఇత్తడి గొట్టం ఒకటి. దాని అడుగున, సుత్తి దెబ్బకు నిప్పు పుట్టించే ప్రైమర్ రెండోది. లోపల మందు మూడోది. గొట్టం మూతిలో బిగించిన గుండు నాలుగోది. పేల్చాక ఇత్తడి గొట్టం మిగులుతుంది. దాన్ని ఏరి, శుభ్రం చేసి, ప్రెస్ మీద మళ్లీ సైజుకు తెచ్చి, కొత్త ప్రైమర్ పెట్టి, మందు పోసి, గుండు బిగిస్తే తూటా మళ్లీ సిద్ధమవుతుంది. దీన్నే రీలోడింగ్ అంటారు. అమెరికాలో పోటీలకు వెళ్లే చాలామంది ఇళ్లలో, గరాజుల్లో ఒక మూల ఈ ప్రెస్ ఉంటుంది. ఖర్చు తగ్గుతుందన్నది ఒక కారణం. తూటా బలాన్ని మన ఆటకు, మన పిస్టల్‌కు, మన చేతికి సరిగ్గా కుదుర్చుకోవచ్చన్నది అంతకంటే పెద్ద కారణం.

ఇక్కడ తూకం గ్రెయిన్లలో ఉంటుంది. గ్రెయిన్ అంటే గింజే. 7000 గ్రెయిన్లు కలిస్తే ఒక పౌండు. మన గురివింద గింజ ఒకటి దాదాపు రెండు గ్రెయిన్లు తూగుతుంది. చాలా పోటీ తూటాల్లో పడే మందు మొత్తం రెండు మూడు గురివింద గింజల ఎత్తు మాత్రమే. దాన్లో పదో వంతు గ్రెయిన్ తేడాను కూడా చూసుకుంటాం. అంటే గురివింద గింజలో ఇరవయ్యో వంతు. అంత చిన్న తేడా బలాన్ని మారుస్తుంది, పోటీ ఫలితాన్ని మారుస్తుంది, ఒక్కోసారి ప్రాణం మీదికీ తెస్తుంది.

అందుకే ఆ కుర్రాణ్ణి నేను అడగాల్సిన ప్రశ్నలు మూడు. ఏ ఆటకు? ఏ పిస్టల్‌కు? ఏ చేతికి?

మొదటి ప్రశ్న, ఏ ఆటకు.

మేము ఆడేదాన్ని ప్రాక్టికల్ షూటింగ్ అంటారు. దీని అంతర్జాతీయ సమాఖ్య ఐపీఎస్‌సీ, 1976లో మిస్సోరీ రాష్ట్రంలోని కొలంబియాలో పుట్టింది. జెఫ్ కూపర్ మొదటి అధ్యక్షుడు. అమెరికాలో ఈ ఆటను నడిపేది యూఎస్‌పీఎస్‌ఏ. ఈ ఆట నినాదం మూడు లాటిన్ మాటలు: డిలిజెన్షియా, విస్, సెలెరిటాస్. గురి, బలం, వేగం. ఆట సారమంతా ఈ మూడు మాటల్లోనే ఉంది. పరుగెత్తాలి, గురి తప్పకూడదు, వాడే తూటాకు తగిన బలమూ ఉండాలి. బలానికి హద్దు పెట్టకపోతే అందరూ తన్ను, అంటే పేలినప్పుడు చేతిని వెనక్కి తోసే దెబ్బ, దాదాపు లేని అతి మెత్తటి తూటాలతో వచ్చి వేగం ఒక్కటే చూసుకుంటారు. అప్పుడు మూడింటిలో ఒకటి ఆటలోంచి జారిపోతుంది.

అయితే బలాన్ని కొలవడం ఎలా? మొదటి రోజుల్లో బాలిస్టిక్ పెండ్యులం వాడేవారు. వేలాడే బరువైన దిమ్మను గుండుతో కొట్టి, అది ఎంత ఊగిందో చూడడం. ఈ పద్ధతిని బెంజమిన్ రాబిన్స్ అనే ఆంగ్లేయుడు 1742లో తన పుస్తకంలో వివరించాడు. దిమ్మ ఊపు చెప్పేది గుండు ద్రవ్యవేగాన్ని, అంటే బరువును వేగంతో గుణిస్తే వచ్చేదాన్ని. ఇప్పుడు ఆ దిమ్మ లేదు, దాని స్థానంలో క్రోనోగ్రాఫ్ అనే వేగమాపకం వచ్చింది. లెక్క మాత్రం అదే. గుండు బరువును గ్రెయిన్లలో తీసుకుని, సెకనుకు ఎన్ని అడుగుల వేగంతో పోయిందో దాంతో గుణించి, 1000తో భాగిస్తారు. వచ్చిన అంకె పేరు పవర్ ఫ్యాక్టర్. 147 గ్రెయిన్ల గుండు సెకనుకు 890 అడుగుల వేగంతో పోతే 130.8. 124 గ్రెయిన్ల గుండు 1050 అడుగులతో పోతే 130.2. గుళ్లు వేరు, వేగాలు వేరు, బలం దాదాపు ఒకటే.

యూఎస్‌పీఎస్‌ఏలో రెండు గీతలున్నాయి. 125 చేరితే మైనర్. 165 చేరితే మేజర్. పూర్వం మేజర్ గీత 175 దగ్గర ఉండేది, తర్వాత తగ్గించారు. మేజర్‌తో కొట్టినా మైనర్‌తో కొట్టినా అట్ట బొమ్మ మీద నడుమనున్న ఎ గడిలో పడితే 5 పాయింట్లే. తేడా పక్క గడుల్లో కనిపిస్తుంది. సి గడిలో మేజర్‌కు 4, మైనర్‌కు 3. డి గడిలో మేజర్‌కు 2, మైనర్‌కు 1. వచ్చిన పాయింట్లను పట్టిన సెకన్లతో భాగిస్తారు. ఆ భాగఫలమే నీ స్థానాన్ని తేలుస్తుంది.

మరి ఏది ఎంచుకోవాలి? లెక్క వేసి చూద్దాం. 30 తూటాల స్టేజి, అంటే పోటీలో ఒక అంకం, అనుకుందాం. ఒకరు 22 ఎ, 7 సి, 1 డి కొట్టారు. మేజర్ అయితే 140 పాయింట్లు, మైనర్ అయితే 132. మేజర్‌తో 20 సెకన్లు పడితే సెకనుకు 7 పాయింట్లు. మైనర్‌తో ఆ 7 రావాలంటే అదే పని 18.86 సెకన్లలో ముగించాలి. అంటే మెత్తటి తూటా వల్ల సెకను పైచిలుకు కలిసిరావాలి. అదే మనిషి 27 ఎ, 3 సి కొడితే? మేజర్‌కు 147, మైనర్‌కు 144. ఇప్పుడు కలిసిరావలసింది 0.41 సెకను మాత్రమే. ఈ లెక్కలో నాకు కనిపించే సత్యం ఒకటుంది. గురి ఎంత బాగుంటే బలం అవసరం అంత తగ్గుతుంది. చెయ్యి ఇంకా కుదురుకోని మనిషికి మేజర్ ఇచ్చే ఆ ఒక్క పాయింటు ఆసరా. చెయ్యి కుదిరినవాడికి ఆ ఆసరా ఖరీదెక్కువ.

పిస్టల్ రకాన్ని బట్టి ఆటలో విభాగాలుంటాయి. అన్నిట్లో ఈ ఎంపిక ఉండదు. ప్రొడక్షన్ విభాగంలో ఎంత బలమైన తూటా వాడినా మైనర్‌గానే లెక్కిస్తారు. అక్కడ ఎక్కువ మందు వేసుకోవడమంటే చేతిని ఊరికే కష్టపెట్టడమే. లిమిటెడ్ విభాగంలో మేజర్ కావాలంటే కనీసం .40 క్యాలిబర్ ఉండాలి. సింగిల్ స్టాక్‌లో మేజర్ ఎంచుకున్నవాళ్లు మ్యాగజైనులో 8 తూటాలే పెట్టుకోవాలి, మైనర్ వాళ్లు 10 పెట్టుకోవచ్చు. అంటే అక్కడ బలానికి బదులుగా రెండు తూటాలు వదులుకుంటాం. ఓపెన్ విభాగం కథ మరోలా ఉంటుంది. ఆ పిస్టళ్లకు మూతి దగ్గర కాంపెన్సేటర్ ఉంటుంది. దాని రంధ్రాల్లోంచి వాయువు పైకి చిమ్మి మూతిని కిందికి అదుముతుంది. అందుకని వాళ్లు తేలికైన గుండు, ఎక్కువ మందు కోరుకుంటారు. వాయువు ఎంత ఎక్కువైతే మూతి అంత నిలకడగా ఉంటుంది.

1980లలో రాబ్ లీథమ్, బ్రయన్ ఇనోస్ .38 సూపర్ తూటాతో ఈ దారి తొక్కి, అప్పటిదాకా .45 ఏలిన ఆటను మార్చేశారు. అప్పటి నుంచి ఆ తూటాలో ఎక్కువ బలం దూర్చబోయి ఇత్తడి గొట్టం పగిలి, వేడి వాయువు మొహాన కొట్టించుకున్నవాళ్లున్నారు. షూటర్లు దానికి సూపర్ ఫేస్ అని పేరు కూడా పెట్టారు. ఇప్పుడు చాలామంది 9 ఎంఎం తూటాతోనే ఓపెన్ మేజర్ కొడుతున్నారు. ఆ తూటాకు అమెరికా తయారీదారుల ప్రమాణం 35,000 పీఎస్ఐ పీడనం. మేజర్‌కు తీసుకువెళ్లడమంటే ఆ ప్రమాణం దాటి నడవడం. ఈ మార్గంలోకి కొత్తవాళ్లు వెళ్లవద్దని నా మనవి. పిస్టల్, గొట్టం, అనుభవం మూడూ దానికోసమే తయారైనవాళ్లున్నారు, వాళ్లకూ భద్రత తక్కువే.

బలానికి కింది గీతే లేని ఆట కూడా ఉంది. అది బుల్స్‌ఐ, అంటే ప్రెసిషన్ పిస్టల్. మా ఒహాయోలోనే, ఈరీ సరస్సు ఒడ్డున క్యాంప్ పెర్రీ ఉంది. 1907 నుంచి జాతీయ పోటీలు అక్కడ జరుగుతున్నాయి. నిలబడి, ఒంటిచేత్తో, మూడు పిస్టళ్లతో 270 తూటాలు, 2700 పాయింట్లకు కొట్టే పోటీ అది. 50 గజాల దగ్గర నింపాదిగా, 25 గజాల దగ్గర 20 సెకన్లలో 5, తర్వాత 10 సెకన్లలో 5. అక్కడి .45 షూటర్లు చాలామంది రెండు రకాల తూటాలు తెచ్చుకుంటారు. 50 గజాలకు కాస్త బలమైనది, 25 గజాలకు మెత్తనిది. దూరం పెరిగితే గుండు నిలకడగా పోవడానికి బలం కావాలి. దగ్గరలో త్వరగా కొట్టాలంటే చెయ్యి త్వరగా కుదుటపడాలి, కాబట్టి మెత్తన కావాలి. ఒకే మనిషి, ఒకే పిస్టల్, ఒకే రోజు, రెండు మోతాదులు.

ఇప్పుడు రెండో ప్రశ్న, ఏ పిస్టల్‌కు.

ఒకే డబ్బాలోని తూటాలు 5 అంగుళాల బ్యారెల్‌లోంచి ఒక వేగంతో, 4 అంగుళాల బ్యారెల్‌లోంచి తక్కువ వేగంతో వస్తాయి. ఒకే పొడవున్న రెండు బ్యారెళ్లు కూడా తేడా చూపిస్తాయి. కాబట్టి నా తూటా నీ పిస్టల్‌లో ఏ వేగం ఇస్తుందో నాకు తెలియదు, నీ క్రోనోగ్రాఫ్‌కే తెలుస్తుంది. ఇంకా స్ప్రింగు సంగతి ఉంది. తూటా తన్నుకే పిస్టల్ పైభాగమైన స్లైడ్ వెనక్కి వెళ్లి, ఖాళీ గొట్టాన్ని బయటికి విసిరి, స్ప్రింగు బలానికి ముందుకొచ్చి కొత్త తూటాను అందుకుంటుంది. 5 అంగుళాల 1911 రకం పిస్టల్‌కు మామూలుగా 16 పౌండ్ల స్ప్రింగు ఉంటుంది. మెత్తటి తూటా వేస్తే స్లైడ్ పూర్తిగా వెనక్కి పోక, గొట్టం మధ్యలో ఇరుక్కుంటుంది. బలం తగ్గించినప్పుడు స్ప్రింగునూ తగ్గించాలి. మందు మారితే అనుపానం మారాలన్న తాతగారి మాట ఇక్కడ అక్షరాలా పనిచేస్తుంది.

గుండు బరువుది మరో లెక్క. పవర్ ఫ్యాక్టర్ 130 కావాలనుకుందాం. 115 గ్రెయిన్ల గుండు సెకనుకు 1130 అడుగులు పోవాలి. 124 గ్రెయిన్లదైతే 1048 అడుగులు. 147 గ్రెయిన్లదైతే 884 అడుగులు చాలు. కాగితం మీద బలం ఒకటే, చేతిలో మాత్రం ఒకటి కాదు. మందు కాలి వాయువై గుండు వెనకే ఇంకా ఎక్కువ వేగంతో దూసుకొస్తుంది. ఆ వాయువుకూ బరువుంది, దానికీ తన్ను ఉంది. బరువు గుండుకు మందు తక్కువ పడుతుంది కాబట్టి ఆ అదనపు తన్ను తగ్గుతుంది. తేలిక గుండు చేతిని చురుక్కున కొట్టినట్టుంటుంది, బరువు గుండు మెల్లగా తోసినట్టుంటుంది. అందుకే మైనర్ ఆడేవాళ్లలో చాలామంది 147 వైపు వెళ్తారు. కొందరికి ఆ మెల్లని కదలిక నచ్చదు. స్లైడ్ చకచకా ఆడి గురి త్వరగా తిరిగొస్తేనే వాళ్లకు లయ కుదురుతుంది. ఇద్దరిదీ ఒప్పే.

మందులోనూ త్వరగా కాలేవి, నెమ్మదిగా కాలేవి ఉన్నాయి. త్వరగా కాలే మందు కొద్దిగా వేస్తే చాలు, తన్ను మెత్తగా ఉంటుంది. కానీ ఆ కొద్ది మందు గొట్టం అడుగున ఎక్కడో ఉంటుంది. పొరపాటున రెండుసార్లు పడినా గొట్టం పొంగదు, కంటికి అనుమానం రాదు. ఆ తూటా పేలితే పిస్టల్ చేతిలోనే పగులుతుంది. ఎక్కువ పరిమాణంలో వేయాల్సిన మందులో ఆ పొరపాటు జరిగితే గొట్టం నిండి పొర్లి, మనకు వెంటనే తెలిసిపోతుంది. మెత్తదనం కోసం మందు ఎంచుకునేటప్పుడు ఈ ప్రమాదాన్ని కూడా తూకంలో వేసుకోవాలి.

మూడో ప్రశ్న, ఏ చేతికి. అందరూ మరిచిపోయేది ఇదే.

బలమైన తూటా మొదట ఒంటికి నేర్పేది భయం. పేలబోతోందని తెలిసి, పేలకముందే చెయ్యి ఉలిక్కిపడి మూతిని కిందికి నొక్కుతుంది. గుండు బొమ్మకు కిందగా పోతుంది. ఒక్కసారి ఈ అలవాటు పడితే విడిపించుకోవడానికి నెలలు పడుతుంది. దీన్ని పట్టుకోవడానికి తేలికైన దారి ఉంది. స్నేహితుణ్ణి మ్యాగజైను నింపమని, మధ్యలో మందూ ప్రైమరూ లేని ఉత్తుత్తి తూటా ఒకటి కలపమని అడగాలి. అది ఎప్పుడొస్తుందో మనకు తెలియదు. దాని మీద ట్రిగ్గర్ నొక్కినప్పుడు పిస్టల్ మూతి కదలకుండా ఉందా, కిందికి దిగిందా చూడాలి. దిగితే, మోతాదు చేతికి మించిందన్నమాట.

బలాల ఎంపికకూ నేను ఇలాగే, కళ్లకు గంతలు కట్టుకున్నట్టు, నాకు తెలియకుండా పరీక్ష పెట్టుకుంటాను. మూడు రకాల తూటాలు తయారుచేసి, ఏ మ్యాగజైనులో ఏవి ఉన్నాయో నాకు చెప్పవద్దంటాను. 7 గజాల దూరంలో ఒకే బొమ్మ మీద వీలైనంత త్వరగా 6 తూటాలు. బిల్ విల్సన్ పేరు మీద దీన్ని బిల్ డ్రిల్ అంటారు. ఒక్కో రకానికీ ఐదారుసార్లు కొట్టి, టైమర్ చూపిన సమయం, ఎ గడిలో పడినవి ఎన్ని, రెండూ రాసుకుంటాను. అత్యంత మెత్తనిదే నాకు వేగాన్నిస్తుందని ముందు అనుకునేవాణ్ణి. లెక్కలు అలా చెప్పలేదు. మరీ మెత్తనిదాంతో స్లైడ్ మందకొడిగా కదిలి, నేను గురి కోసం ఎదురుచూడాల్సి వచ్చింది. నడిమి రకంతోనే నా చెయ్యి బాగా ఆడింది. ఆ సంగతి పుస్తకాలు చెప్పలేవు, నా పక్కవాడి అంకె చెప్పలేదు.

సరే, ఆట తేలింది, పిస్టల్ తేలింది, చెయ్యి తేలింది. ఇక గీతకు ఎంత దగ్గరగా నిలబడాలి? ఈ పాఠం నేను నష్టపోయి నేర్చుకున్నాను.

కొన్నేళ్ల క్రితం .40 పిస్టల్‌తో మేజర్ ఆడేవాణ్ణి. 180 గ్రెయిన్ల గుండు. జూలై ఎండలో పరీక్షిస్తే సగటు 925 అడుగులు వచ్చింది. పవర్ ఫ్యాక్టర్ 166.5. గీత 165. ఒకటిన్నర ఎక్కువుంది, చాలు, ఇంకా వేస్తే తన్ను పెరుగుతుంది అనుకున్నాను. అక్టోబరు చివర్లో పెద్ద పోటీ. చలి పొద్దున. పోటీదారులందరి దగ్గరా బలం పరీక్షకు 8 తూటాలు తీసుకుంటారు. ఒకటి విప్పి గుండు తూస్తారు. నా గుండు 179.4 తూగింది. డబ్బా మీద 180 అని ఉన్నంత మాత్రాన ప్రతి గుండూ 180 ఉండదు. తర్వాత మూడు పేల్చారు. చాలలేదు. నియమం ప్రకారం ఇంకో మూడు పేల్చి, ఆరింటిలో మేలైన మూడు తీసుకున్నారు. మిగిలిన చివరి తూటాను కూడా పేల్చమన్నాను, ఏడింటిలో మేలైన మూడు లెక్కించారు. సగటు 911. గుణిస్తే 163.4. ఆ రోజంతా నా సి గడులన్నీ మైనర్ పాయింట్లయ్యాయి. మేజర్ తన్ను భరిస్తూ మైనర్ పాయింట్లు తీసుకున్నాను. మైనర్ ఆడేవాడు 125 దిగువకు పడితే ఇంకా ఘోరం. పోటీ ఆడనిస్తారు గానీ పాయింట్లే ఉండవు.

తప్పు పూర్తిగా నాదే. చాలా రకాల మందు చలికి మందగిస్తుంది. ఒక క్రోనోగ్రాఫ్‌కూ మరోదానికీ కాస్త తేడా ఉంటుంది. ఒకే మందు, ఒకే గుండు వేసినా తూటాకూ తూటాకూ వేగం కొద్దిగా మారుతుంది. 147 గ్రెయిన్ల గుండుతో సెకనుకు 10 అడుగులు తగ్గితే పవర్ ఫ్యాక్టర్ దాదాపు ఒకటిన్నర పడిపోతుంది. 857 అడుగులకు 126 దగ్గర నిలబడినవాడు 847కు దిగితే 124.5 అయిపోతాడు. అందుకని ఇప్పుడు నేను మైనర్‌కు 130, మేజర్‌కు 170 గురి పెట్టుకుంటాను. 130 దగ్గర నాకు 30 అడుగుల పైన వెసులుబాటు ఉంటుంది. ఆ నాలుగైదు అంకెల అదనపు తన్ను చేతికి తెలియదు. ఆ నాలుగైదు అంకెల నిశ్చింత మాత్రం స్టేజి మీద నిలబడ్డప్పుడు తెలుస్తుంది. పోటీకి ఏ కాలంలో వెళ్తానో ఆ కాలంలో మళ్లీ కొలుస్తాను. గుళ్లను ప్రతి కొత్త డబ్బాలో పది తూచి చూస్తాను.

ఆ 130, 170 అంకెలు ఎవరితోనైనా పంచుకుంటాను. అవి గమ్యాలు. మందు ఎన్ని గ్రెయిన్లన్నది మాత్రం చెప్పను. అది దారి, ఎవరి దారి వాళ్ల పిస్టల్ నుంచే మొదలవుతుంది. నా గుండు ఆకారం వేరు, నేను దాన్ని గొట్టంలో దించే లోతు వేరు. గుండును కొంచెం ఎక్కువ లోతుకు దించితే లోపల చోటు తగ్గి పీడనం ఒక్కసారిగా పెరుగుతుంది. మందు తయారీదారులు అచ్చువేసిన మాన్యువల్ తెరిచి, సరిగ్గా ఆ గుండుకు, ఆ మందుకు రాసిన ప్రారంభ మోతాదు నుంచి మొదలుపెట్టాలి. కొద్దికొద్దిగా పెంచుతూ, ప్రతి మెట్టు దగ్గరా పది తూటాలు కొలిచి రాసుకోవాలి. గీత దాటి వెసులుబాటు రాగానే ఆగాలి. మాన్యువల్ పై హద్దు దాకా వెళ్లి చూద్దామనే కోరిక పోటీకి పనికిరాదు.

రీలోడింగ్ బల్ల దగ్గర నా నియమాలు కొన్ని ఉన్నాయి. బల్ల మీద ఒక్క రకం మందు డబ్బానే ఉండాలి. టీవీ ఉండకూడదు, ఫోను ఉండకూడదు. ప్రతి గొట్టంలోకి దీపం వేసి కంటితో చూశాకే గుండు పెట్టాలి. రక్షణ కళ్లద్దాలు తీయకూడదు. పని ముగిశాక సీసం అంటిన చేతులు సబ్బుతో కడిగే దాకా దేన్నీ నోటి దగ్గర పెట్టకూడదు. ఇంకొకటి, అన్నిటికంటే ముఖ్యం. మందు పడని తూటా ప్రైమర్ బలానికే పేలి, గుండు బ్యారెల్ మధ్యలో ఇరుక్కుపోతుంది. దాన్ని స్క్విబ్ అంటారు. శబ్దం టప్ మని చిన్నగా వస్తుంది. గడియారం నడుస్తున్నా సరే, పాయింట్లు పోయినా సరే, ఆ శబ్దం వినగానే ఆగిపోవాలి. ఇంకో తూటా కొడితే బ్యారెల్ పగులుతుంది. నేను ఒకసారి అలా ఆగి ఆ స్టేజి మొత్తం పోగొట్టుకున్నాను. ఆ రోజు ఇంటికి రెండు చేతులతో వచ్చాను.

మన ఊళ్లలో వింటున్న శ్రోతలకు ఒక మాట. మన దేశంలో 1959 నాటి ఆయుధ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయడం నేరం. నేను చెప్పిందంతా ఇక్కడి చట్టం అనుమతించిన ఆట సంగతి. అక్కడ మన పిల్లలు పేరు తెస్తున్న 25 మీటర్ల పిస్టల్‌లో తూటా .22 రిమ్‌ఫైర్. నిప్పు పుట్టించే పదార్థం గొట్టం అంచులోనే ఉంటుంది కాబట్టి దాన్ని మామూలుగా మళ్లీ నింపరు. మన హైదరాబాదు అమ్మాయి ఈషా సింగ్ 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో 25 మీటర్ల పిస్టల్‌లో వ్యక్తిగత రజతం, మను భాకర్, రిథమ్ సంగ్వాన్‌లతో కలిసి జట్టు స్వర్ణం గెలిచినప్పుడు వాడిన తూటా అదే. తూటా తయారుచేసుకోని ఆటలో కూడా తూటా ఎంపిక ఆగదు. ఏ కంపెనీ తూటా తన పిస్టల్‌లో సాఫీగా ఆడుతుందో, గురికి ఏది కుదురుతుందో పరీక్షించి పెట్టుకోవడం ఉంటుంది. అక్కడా అవే ప్రశ్నలు. ఏ ఆటకు, ఏ పిస్టల్‌కు, ఏ చేతికి.

బలం గురించి మాట్లాడేటప్పుడు ఎక్కువంటే మంచిదనుకోవడం మనుషుల్లో సహజం. పిస్టల్ పోటీ నాకు నేర్పింది వేరు. కావలసినంత బలం ఒక అంకె. అది దాటితే చేతికి భారం, దిగితే లెక్కకు అన్యాయం. ఆ రెండింటి మధ్య ఉన్న సన్నటి చోటును ఓపికగా వెతికి, కొలిచి, రాసుకుని, అక్కడ నిలబడడమే ఈ ఆటలో సగం సాధన. మిగిలిన సగం ట్రిగ్గర్ మీద వేలిది.

ఆ కుర్రాడికి నిన్న ఫోన్ చేశాను. వచ్చే శనివారం పొద్దున తన పిస్టల్, తన గుళ్ల డబ్బా, మాన్యువల్, ఒక కొత్త నోటు పుస్తకం తీసుకుని రేంజికి రమ్మన్నాను. నా క్రోనోగ్రాఫ్ నేను తెస్తానన్నాను. "అన్నా, మరి నీ నోటు పుస్తకం?" అన్నాడు. దాన్ని ఇంట్లోనే ఉంచి వస్తానన్నాను. అతని కొత్త పుస్తకం మొదటి పేజీలో తన చేత్తో తన పిస్టల్ పేరు రాయిస్తాను. రెండో పేజీ నుంచి తన అంకెలు తనకే దొరుకుతాయి.

తాతగారి గురివింద గింజల డబ్బీ ఇప్పుడు నా రీలోడింగ్ బల్ల మీద ఉంది. వాటితో దేన్నీ తూచను. మందు డబ్బా మూత తీసే ముందు దానివైపు ఒకసారి చూస్తాను. "ఎవరికి?" అని నన్ను నేను అడిగాకే మూత తీస్తాను.